బ్రౌజర్ నవీకరణ వేళ భద్రతా హెచ్చరికలు: గుర్తింపు, పరిష్కారం – గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెబ్ బ్రౌజర్‌ను నవీకరించే సమయంలోనూ, నవీకరించిన వెంటనేనూ తెరమీద కనిపించే భద్రతా హెచ్చరికలన్నీ ఒకే జాతికి చెందినవి కావు. కొన్ని బ్రౌజర్ స్వయంగా చెప్పేవి. కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పేవి. కొన్ని కళాశాల, కార్యాలయ నెట్‌వర్కుల అమరిక వల్ల పుట్టేవి. మరికొన్ని మోసగాళ్లు కల్పించేవి. వీటిని వేరుచేసి గుర్తించే పద్ధతిని, ఒక్కొక్కదానికి తగిన పరిష్కారాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. డిజిటల్ ధ్రువపత్రం పనితీరును వేంగీ చాళుక్యుల రాగిరేకు శాసనాల పోలికతోనూ, హెచ్చరిక భాష ఎలా ఉండాలనే అంశాన్ని ధవళేశ్వరం వరద హెచ్చరికల పోలికతోనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బ్రౌజర్, నవీకరణ, భద్రతా హెచ్చరిక, ధ్రువపత్రం, నకిలీ అప్‌డేట్, తెలుగు పరిభాష, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న నాటి తూర్పుగోదావరి జిల్లా కరపలో ప్రారంభమైంది. అప్పటినుంచి కులధ్రువీకరణ మొదలు పంట నమోదు వరకు గ్రామీణుడికి కావలసిన అనేక సేవలు ఏదో ఒక కంప్యూటర్‌లోని బ్రౌజర్ గుండానే నడుస్తున్నాయి. విద్యార్థి ఉపకారవేతన దరఖాస్తు, పరీక్ష రుసుము, పరిశోధకుడికి అవసరమైన శోధగంగ సిద్ధాంత గ్రంథాలు, ఆక్వా రైతు బ్యాంకు లావాదేవీలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. గడువు చివరి రోజున తెరమీద ఎర్రని హెచ్చరిక కనిపిస్తే దాని ప్రభావం ఒక కుటుంబపు ఏడాది చదువుమీద పడవచ్చు.

ఇటువంటి సందర్భాల్లో వాడుకరి మూడు రకాల పొరపాట్లకు లోనవుతున్నాడు. మొదటిది, నిజమైన హెచ్చరికను చదవకుండానే దాటిపోవడం. రెండవది, కల్పిత హెచ్చరికను నమ్మి హానికరమైన ఫైలును దింపుకోవడం. మూడవది, ఈ రెండింటికీ భయపడి అవసరమైన నవీకరణను కూడా మానుకోవడం. మూడింటికీ మూలం ఒకటే: ఆ హెచ్చరిక ఎవరు చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో తెలియకపోవడం.

ఇది కంప్యూటర్ శాస్త్ర విభాగం చూసుకోవలసిన విషయం గదా, తెలుగు అధ్యయనంలో దీనికి చోటేమిటనే ప్రశ్న రావచ్చు. హెచ్చరిక మొదట ఒక వాక్యం. దానికి వక్త ఉన్నాడు, శ్రోత ఉన్నాడు, ఉద్దేశిత క్రియ ఉంది. వక్త ఎవరో తెలియని వాక్యాన్ని అర్థం చేసుకోవడంలోని చిక్కే ఇక్కడి చిక్కు. కాబట్టి సాంకేతిక కారణాలతోపాటు భాషాపరమైన కారణాలనూ కలిపి పరిశీలించడం అవసరం.

2. నవీకరణ ఎందుకు? ఎంత తరచుగా?

బ్రౌజర్ లక్షలాది పంక్తుల ప్రోగ్రామ్. అందులో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. తయారీదారు ఒక లోపాన్ని సవరించి విడుదల చేసిన క్షణంలోనే ఆ లోపం ఎక్కడుందో దుర్వినియోగం చేసేవారికీ తెలిసే అవకాశం ఏర్పడుతుంది. సవరణ విడుదలకూ, మన కంప్యూటర్‌లో అది చేరడానికీ నడుమనున్న వ్యవధే ప్రమాదకాలం. ఈ వ్యవధిని తగ్గించడానికే గూగుల్ సంస్థ 2021లో క్రోమ్ ప్రధాన విడుదలల మధ్య కాలాన్ని ఆరు వారాల నుంచి నాలుగు వారాలకు కుదించింది. 2023 ఆగస్టు నుంచి భద్రతా సవరణలను వారం వారం ఇవ్వడం మొదలుపెట్టింది.

అయినప్పటికీ నవీకరణ అంటే తెలుగు పాఠకులలో ఉన్న జంకును తక్కువచేసి చూడలేం. దానికి చరిత్ర ఉంది. యూనికోడ్ స్థిరపడకముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటు వాడేవి. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే పొడిగింత ఫైర్‌ఫాక్స్‌లో ఎందరికో ఉపకరించింది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింతలన్నింటినీ నిలిపివేసింది. పద్మ ఆ పాత పద్ధతిలో రూపొందినదే. 2015లో క్రోమ్ 45 జావా ఆధారిత ప్లగిన్లకు తలుపు మూసింది. దానితో డిజిటల్ సంతకం కోసం వాటిమీద ఆధారపడిన ప్రభుత్వ పోర్టళ్లు చాలాకాలం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమయ్యాయి. ఆ బ్రౌజర్‌కు కూడా మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న వీడ్కోలు చెప్పింది. ‘నవీకరిస్తే పని ఆగిపోతుంది’ అనే నమ్మకం ఇటువంటి అనుభవాలనుంచి పుట్టింది. అది పూర్తిగా నిరాధారం కాదు. అయితే నేటి పరిస్థితిలో నవీకరించకపోవడం వల్ల ఆగిపోయే పనులే ఎక్కువ.

3. ధ్రువపత్రం – రాగిరేకుల పోలిక:

భద్రతా హెచ్చరికలను అర్థం చేసుకోవాలంటే ముందుగా డిజిటల్ ధ్రువపత్రం పనితీరు తెలియాలి. గోదావరి ప్రాంతానికి సుపరిచితమైన ఒక పోలిక ఇందుకు చక్కగా సరిపోతుంది. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు ఇచ్చిన నందంపూడి శాసనాన్ని నన్నయభట్టు రచించాడు. వేంగీ చాళుక్యుల ఇటువంటి దానశాసనాలలో దాత పేరు, ప్రతిగ్రహీత పేరు, దానమిచ్చిన గ్రామపు ఎల్లలు, కాలం ఉంటాయి. రాగిరేకులకు రంధ్రం చేసి, ఒక వలయాన్ని దూర్చి, వలయపు కొసలను రాజముద్ర కింద అతికేవారు. వరాహ లాంఛనంతో ‘శ్రీ త్రిభువనాంకుశ’ అని ఉన్న ఆ ముద్రను పగలగొట్టకుండా ఒక రేకును తీయడం గాని, కొత్త రేకును చేర్చడం గాని సాధ్యం కాదు.

వెబ్‌సైటు ధ్రువపత్రం చేసే పని ఇదే. ఇందులోనూ ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏ చిరునామాకు వర్తిస్తుంది, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు చెల్లుతుంది అనే వివరాలు ఉంటాయి. చివర ముద్ర స్థానంలో డిజిటల్ సంతకం ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోలదు. చక్రవర్తి అధికారాన్ని సామంతుడు, సామంతుడి అధికారాన్ని గ్రామాధికారి పొందినట్లు, మూలసంస్థనుంచి మధ్యస్థ సంస్థకు, అక్కడినుంచి వెబ్‌సైటుకు నమ్మకం సంక్రమిస్తుంది. బ్రౌజర్ దగ్గర మూలసంస్థల జాబితా ఒకటి ఉంటుంది. ఎదుటివారు చూపిన పత్రం ఆ జాబితాలోని ఏదో ఒక మూలం వరకు తెగకుండా చేరితేనే బ్రౌజర్ దాన్ని అంగీకరిస్తుంది. బ్రౌజర్ నవీకరణ ఫైలుకు కూడా ఇలాగే తయారీదారు సంతకం ఉంటుంది. అది సరిపోలకపోతే సక్రమమైన స్థాపన జరగదు.

కృత్రిమంగా పుట్టించిన శాసనాన్ని ధర్మశాస్త్రాలు ‘కూటశాసనం’ అన్నాయి. శాసన పరిశోధకుడు కూటశాసనాన్ని ఎలా పట్టుకుంటాడు? కాలం పొసగకపోవడం, ముద్ర అనుమానాస్పదంగా ఉండటం, పేర్లు కలవకపోవడం వంటి ఆధారాలతో. బ్రౌజర్ చూసేవీ ఇవే. తేదీ పొసగకపోతే ఒక హెచ్చరిక, జారీచేసినవారు తెలియనివారైతే మరొకటి, పేరు కలవకపోతే ఇంకొకటి వస్తుంది.

పోలికకు రెండు పరిమితులున్నాయి. శాసనం ఆచంద్రార్కం చెల్లుతుందని రాసుకునేవారు. వెబ్ ధ్రువపత్రం ఆయుర్దాయం మాత్రం నానాటికీ తగ్గుతోంది. 2020 సెప్టెంబరు నుంచి గరిష్ఠ పరిమితి 398 రోజులు. ధ్రువీకరణ సంస్థలు, బ్రౌజర్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి అది 200 రోజులకు, 2029 నాటికి 47 రోజులకు తగ్గుతుంది. సకాలంలో పునరుద్ధరించుకోని వెబ్‌సైట్ల వల్ల గడువు హెచ్చరికలు మరింత తరచుగా కనిపించే అవకాశం ఉంది. ఇక రెండవది, శాసనం దాతను, ప్రతిగ్రహీతను పొగుడుతుంది. ధ్రువపత్రం ఎవరినీ పొగడదు. చిరునామా ఫలానాదని మాత్రమే చెబుతుంది, ఆ చిరునామాలో ఉన్నవారు మంచివారని చెప్పదు. మోసపు వెబ్‌సైటు కూడా చెల్లుబాటయ్యే ధ్రువపత్రాన్ని పొందగలదు. తాళం గుర్తును ప్రజలు మంచితనానికి గుర్తుగా భావిస్తున్నారనే కారణంతోనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను చిరునామా పట్టీనుంచి తొలగించింది.

4. హెచ్చరికల వర్గీకరణ:

4.1 బ్రౌజర్ స్వయంగా చెప్పేవి: కంప్యూటర్‌లోని క్రోమ్ తనకు నవీకరణ సిద్ధంగా ఉందని కుడివైపు పైమూల మాత్రమే చూపుతుంది. విడుదలై రెండు రోజులలోపైతే ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారం దాటితే ఎరుపు రంగు అక్కడ కనిపిస్తుంది. ఎరుపు కనిపించిందంటే వైరస్ చేరిందని కాదు, వాయిదా ఎక్కువైందని మాత్రమే అర్థం. పనిచేస్తున్న పేజీలను భద్రపరచుకొని బ్రౌజర్‌ను మూసి తెరిస్తే చాలు.

4.2 వెబ్‌పేజీ చెప్పేవి: ఏదో వెబ్‌సైటు చూస్తుండగా పేజీ మధ్యలో ‘మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని బటన్‌తో సహా కనిపిస్తే అది నకిలీదని భావించాలి. 2018 నుంచి ఫేక్‌అప్‌డేట్స్, సోక్‌ఘోలిష్ అనే పేర్లతో భద్రతా పరిశోధకులు గుర్తించిన మోసం ఈ కోవలోనిదే. ఇందులో మోసగాళ్లు సొంత వెబ్‌సైటు పెట్టనక్కరలేదు. రక్షణ లేని మామూలు వెబ్‌సైట్లలో చొరబడి, అక్కడికి వచ్చినవారికి నకిలీ నవీకరణ పేజీని చూపుతారు. అందుచేత ‘నమ్మకమైన సైటులోనే కనిపించింది’ అన్న వాదన చెల్లదు. ఫోనులో ఇదే మోసం ఏపీకే ఫైలు రూపంలో వస్తుంది. రవాణా శాఖ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లూ ఈ కుదురుకు చెందినవే.

4.3 తేదీ తప్పడం వల్ల వచ్చేవి: కంప్యూటర్ గడియారం వెనకబడితే నిన్న జారీ అయిన పత్రం దానికి రేపటి పత్రంలా కనిపిస్తుంది. ముందుకు పోతే చెల్లే పత్రం కూడా గడువు తీరినట్టు తోస్తుంది. వేసవి సెలవుల తరువాత తెరిచిన ప్రయోగశాలల్లో, ఎన్నేళ్లుగానో వాడుతున్న డెస్క్‌టాప్‌లలో ఇది సర్వసాధారణం. మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీ బలహీనపడితే, విద్యుత్ పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. ఒకేసారి అన్ని వెబ్‌సైట్లకూ హెచ్చరిక వస్తూ, నవీకరణ కూడా విఫలమవుతుంటే మొదట చూడవలసింది తేదీనే. చాలా కంప్యూటర్లలో సీఆర్ 2032 రకం బ్యాటరీ మారిస్తే సమస్య తీరుతుంది.

4.4 పాత యంత్రాల వల్ల వచ్చేవి: విండోస్ 7, 8.1 లకు క్రోమ్ 109 చివరిది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి అయింది. విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ఫోన్లలో చిక్కు మరొక రూపంలో ఉంటుంది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే ముందు వెర్షన్ల మూలసంస్థల జాబితాలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి నేటి మూలపత్రం లేదు. పాత మూలంతో నడిపిన తాత్కాలిక ఏర్పాటు 2024 సెప్టెంబరు 30తో ముగియడంతో, ఆ సంస్థ పత్రాలు వాడే అసంఖ్యాక వెబ్‌సైట్లు ఆ ఫోన్లలో హెచ్చరికతో తెరుచుకుంటాయి. ఇక్కడ లోపం వెబ్‌సైటుది కాదు, వాడుకరిది అంతకన్నా కాదు. తన జాబితాను తానే మోసుకొచ్చే ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్ ఆ ఫోనులో స్థాపించగలిగితే కొంత ఊరట. అయితే అటువంటి యంత్రంలో డబ్బు లావాదేవీలు చేయకపోవడమే మేలు.

4.5 మధ్యవర్తుల వల్ల వచ్చేవి: కొన్ని యాంటీవైరస్‌లు, కళాశాలల ఫైర్‌వాల్ పరికరాలు వెబ్‌సైటుకూ మనకూ నడుమ నిలబడి, రాకపోకలను విప్పి చూసి, తమ సొంత పత్రంతో మళ్లీ మూసి పంపుతాయి. ఆ పత్రం మూలం బ్రౌజర్ జాబితాలో లేకపోతే హెచ్చరిక వస్తుంది. ఇంట్లో రాని హెచ్చరిక కళాశాలలో వస్తే కారణం ఇదే కావచ్చు. హెచ్చరిక పేజీలో ధ్రువపత్రాన్ని తెరిచి జారీచేసినవారి పేరు చూస్తే ఆ యాంటీవైరస్ లేదా ఫైర్‌వాల్ పేరు కనిపిస్తుంది. వైఫైలో లాగిన్ కాకముందే వెబ్‌సైటు తెరవడం వల్ల కూడా ఇటువంటి హెచ్చరిక రావచ్చు.

4.6 స్థాపన సమయంలో విండోస్ అడిగేవి: బ్రౌజర్‌ను కొత్తగా దింపుకొని స్థాపించేటప్పుడు ‘మార్పులు చేయడానికి అనుమతిస్తారా’ అని విండోస్ అడుగుతుంది. అక్కడ ప్రచురణకర్త పేరు ఉంటుంది. క్రోమ్‌కు గూగుల్ ఎల్ఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్‌కు మొజిల్లా కార్పొరేషన్, ఎడ్జ్‌కు మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అని ఉండాలి. ప్రచురణకర్త తెలియదని చూపితే అక్కడితో ఆగిపోవాలి.

5. రెండు ఉదంతాలు:

ధ్రువపత్ర వ్యవస్థ ఎంత సున్నితమైనదో తెలిపే ఉదంతం మన దేశంలోనే జరిగింది. 2014 జూలై 2న గూగుల్ చిరునామాల పేరిట అనుమతి లేకుండా జారీ అయిన ధ్రువపత్రాలను ఆ సంస్థ గుర్తించింది. వాటిని జారీ చేసింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ మధ్యస్థ పత్రాలు. వాటి మూలం భారత ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి మూలపత్రం. మరునాడే నియంత్రణాధికారి ఆ మధ్యస్థ పత్రాలను రద్దుచేశారు. నాడు విండోస్ మూలపత్రాల జాబితాలో భారత మూలం ఉంది గనుక విండోస్‌లో దాన్ని ఆధారం చేసుకున్న బ్రౌజర్లకు ప్రమాదం ఏర్పడింది. సొంత జాబితా వాడే ఫైర్‌ఫాక్స్‌కు ఆ ప్రమాదం లేదు. ఆపై క్రోమ్ తన నవీకరణ ద్వారా భారత మూలపత్రాన్ని జీఓవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ వంటి కొద్ది చిరునామాలకే పరిమితం చేసింది. నవీకరించని బ్రౌజర్‌కు ఈ పరిమితి తెలిసే మార్గం లేదు. ఒకప్పుడు నమ్మదగినదైన ముద్ర ఇప్పుడు నమ్మదగినది కాదని బ్రౌజర్‌కు తెలిపేది నవీకరణే. 2023 ఆగస్టులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ప్రకటించిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో భారత మూలపత్రానికి చోటు కల్పించడం ఒక నిబంధన కావడం ఈ సందర్భంలో గమనించదగినది. 2025 మార్చిలో ఆ పోటీ ఫలితాలు వెలువడ్డాయి. ప్రథమస్థానం జోహో బృందానిది.

రెండవ ఉదంతం ఫైర్‌ఫాక్స్‌ది. 2019 మే 4న పొడిగింతలమీద సంతకం చేసే మధ్యస్థ పత్రం గడువు తీరిపోయింది. ప్రపంచవ్యాప్తంగా వాడుకరుల పొడిగింతలు పనిచేయడం మానేశాయి. మరునాడు వచ్చిన 66.0.4 విడుదల దాన్ని సరిచేసింది. ఆ అనుభవం తరువాత, 2025 మార్చి 14న మరొక మూలపత్రం గడువు తీరబోతున్నప్పుడు మొజిల్లా ముందుగానే ప్రకటన చేసింది. ఫైర్‌ఫాక్స్ 128, లేదా దీర్ఘకాల మద్దతు శాఖలోని 115.13 కంటే పాతవి వాడేవారు ఆ తేదీలోగా నవీకరించుకోవాలని కోరింది. ఇందులో ఒక వైపరీత్యం ఉంది. ‘ఫలానా తేదీలోగా అప్‌డేట్ చేయకపోతే పనిచేయదు’ అనేది మోసగాళ్లు సరిగ్గా వాడే వాక్యం. ఇక్కడ అదే వాక్యం నిజం. కనుక వాక్యం రూపాన్ని బట్టి నిజానిజాలు తేల్చలేం. అది చూపే దారిని బట్టి మాత్రమే తేల్చగలం. నిజమైన హెచ్చరికకు స్పందించాలన్నా సందేశంలోని లింకు నొక్కకుండా, బ్రౌజర్ మెనూ నుంచే వెళ్లవచ్చు. నకిలీ హెచ్చరిక మాత్రం తన బటన్ నొక్కితే తప్ప ఏమీ చేయలేదు.

6. అలవాటుగా మారిన ఉల్లంఘన:

హెచ్చరికను దాటిపోయే అలవాటు ప్రజలకు ఊరికే రాలేదు. కొంతవరకు వ్యవస్థలే నేర్పాయి. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకానికి ఈఎమ్‌సైనర్ అనే ప్రోగ్రామ్ వాడతారు. అది కంప్యూటర్‌లోనే 127.0.0.1 అనే చిరునామాలో పనిచేస్తుంది. ఆ అంకె అర్థం ‘ఈ యంత్రమే’ అని. దానికి బయటి మూలసంస్థ ఇచ్చిన పత్రం ఉండదు గనుక బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లమనడం స్థాపన సూచనలలో ఒక భాగం. బ్రౌజర్ నవీకరించాక ఇటువంటి మినహాయింపును మళ్లీ ఇవ్వవలసి రావచ్చు. పైగా 2025లో క్రోమ్, వెబ్‌సైటు మన యంత్రంలోని లేదా స్థానిక నెట్‌వర్కులోని ప్రోగ్రామ్‌తో మాట్లాడాలంటే వాడుకరి అనుమతి అడగడం మొదలుపెట్టింది. నవీకరణ తరువాత సంతకం పనిచేయడం లేదంటే ఈ అనుమతిని తిరస్కరించారేమో చూడాలి.

తన యంత్రం చిరునామాకు, తానే స్థాపించిన ప్రోగ్రామ్ కోసం ఇచ్చే మినహాయింపులో ప్రమాదం స్వల్పం. ఆ చేతివాటమే బ్యాంకు చిరునామా దగ్గరా పనిచేయడంలో అసలు ప్రమాదం ఉంది. నెట్ సెంటర్‌లోనో, కార్యాలయంలోనో ఒకరు నేర్పిన ‘ప్రొసీడ్ నొక్కెయ్యండి’ అనే మాట సందర్భం కోల్పోయి సార్వత్రిక సూత్రంగా మారిపోతోంది. మినహాయింపు ఎక్కడ తగునో చెప్పకుండా నేర్పిన మినహాయింపు, నియమాన్నే చెరిపేస్తుంది.

7. పరిష్కారక్రమం:

పై వర్గీకరణను బట్టి, హెచ్చరిక కనిపించినప్పుడు అనుసరించదగిన క్రమం ఇది.

(1) పేజీలోని ఏ బటన్‌నూ నొక్కరాదు. ఆ ట్యాబును మూసివేయాలి. మూయడానికి వీలులేకపోతే బ్రౌజర్‌నే మూయాలి.

(2) నవీకరణ నిజంగా ఉందో లేదో బ్రౌజర్‌నే అడగాలి. క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలో సహాయం, అందులో ‘గూగుల్ క్రోమ్ గురించి’ తెరిస్తే అది తానే వెతికి నవీకరించుకుంటుంది. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్‌లలోనూ సహాయం విభాగంలో ఇటువంటి అంశమే ఉంటుంది. ఫోనులో ప్లేస్టోర్ ద్వారా మాత్రమే నవీకరించాలి.

(3) తేదీ, సంవత్సరం, సమయమండలం సరిచూడాలి. తేదీని స్వయంచాలకంగా ఉంచాలి.

(4) హెచ్చరిక ఒక్క వెబ్‌సైటుకా, అన్నింటికా అని పరీక్షించాలి. ఒక్కదానికే అయితే లోపం చాలావరకు ఆ వెబ్‌సైటుది. అన్నింటికీ అయితే మన యంత్రానిది లేదా నెట్‌వర్కుది.

(5) అదే చిరునామాను మొబైల్ డేటా మీద తెరవాలి. అక్కడ సవ్యంగా తెరుచుకుంటే కళాశాల లేదా కార్యాలయ నెట్‌వర్కును అనుమానించి, నిర్వాహకుడికి తెలపాలి.

(6) హెచ్చరిక కింద ఉండే సంకేతాన్ని యథాతథంగా రాసుకోవాలి. అందులో ‘డేట్’ అని ఉంటే తేదీ లేదా గడువు సమస్య. ‘అథారిటీ’ అని ఉంటే జారీచేసినవారిమీద సందేహం. ‘కామన్ నేమ్’ అని ఉంటే పేరు కలవకపోవడం.

(7) సంకేతపదం, ఆధార్ సంఖ్య, బ్యాంకు వివరం, ఓటీపీ అడిగే పేజీలో హెచ్చరికను ఎట్టి పరిస్థితిలోనూ దాటరాదు. కొన్ని వెబ్‌సైట్లకు బ్రౌజర్ దాటే దారినే చూపదు. అది లోపం కాదు, రక్షణ.

(8) నకిలీ ఫైలును అప్పటికే తెరిచి ఉంటే వెంటనే నెట్ సంబంధం తెంచాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సంకేతపదాలను వేరొక యంత్రంనుంచి మార్చుకోవాలి. 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్ర హానికర ప్రోగ్రాములను తొలగించే ఉపకరణాలను ఉచితంగా అందిస్తోంది.

8. హెచ్చరిక భాష:

హెచ్చరిక అనే తెలుగు మాటకు భయపెట్టడమని కాదు, మెలకువ కలిగించడమని అర్థం. స్వామివారిని జాగ్రత్తగా నడిపిస్తూ పాడే పాటలకు సంగీత సంప్రదాయంలో హెచ్చరికలనే పేరు. మెలకువ కలిగించే హెచ్చరికకు గోదావరి తీరంలో మంచి నమూనా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఎవరు చెబుతున్నారో అందరికీ తెలుసు. కొలత తెలుసు. ప్రతి అంకెకూ లంకవాసి చేయవలసిన పని తెలుసు: పశువులను గట్టుకు చేర్చడం, పడవ ప్రయాణం మానడం, ఇల్లు వదలడం. మట్టం తగ్గాక హెచ్చరికను ఉపసంహరిస్తారు కూడా. వక్త, కొలత, క్రియ, ఉపసంహరణ అనే నాలుగు లక్షణాలూ ఉండటం వల్లనే చదువుతో నిమిత్తం లేకుండా ఆ హెచ్చరిక పనిచేస్తోంది.

బ్రౌజర్ హెచ్చరికలలో ఈ లక్షణాలు మసకగా ఉన్నాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తెలుగు రూపంలో లభిస్తున్నప్పటికీ ఆంగ్ల పదాలను లిపి మార్చి తెచ్చినప్పుడు కొత్త అపార్థాలు పుడతాయి. ఉదాహరణకు క్రోమ్ ఆంగ్ల హెచ్చరికలో కీలకమైన మాట ‘ప్రైవేట్’. తెలుగు వ్యవహారంలో ప్రైవేటు అంటే ప్రభుత్వానిది కానిది, లేదా ట్యూషను. ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచినప్పుడు ‘ఇది ప్రైవేట్ కాదు’ అనే భావం కలిగితే పాఠకుడికి అది సహజంగానే తోస్తుంది. ‘అడ్వాన్స్‌డ్’ అనే బటన్ ముందుగా చెల్లించే అడ్వాన్సును గుర్తుచేస్తుంది. అన్నింటికన్నా చిక్కైనది ‘సర్టిఫికెట్’. ఉపకారవేతన పోర్టల్‌లో ‘సర్టిఫికెట్ చెల్లదు’ అని కనిపిస్తే, తన కులధ్రువపత్రమో ఆదాయధ్రువపత్రమో చెల్లలేదని విద్యార్థి భావించే ఆస్కారం ఉంది. వెబ్‌సైటు లోపాన్ని తన అనర్హతగా అర్థం చేసుకొని దరఖాస్తు మానుకుంటే ఆ నష్టానికి అనువాదమే కారణమవుతుంది.

అందుచేత వక్తను, లోపం ఎవరిదో, చేయవలసిన పనిని స్పష్టం చేసే వాక్యాలు కావాలి. ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్న రూపాలు:

తేదీ విషయంలో: “ఈ కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉంది. సరిచేసి మళ్లీ తెరవండి.”

గడువు విషయంలో: “ఈ వెబ్‌సైటు గుర్తింపుపత్రం గడువు తీరింది. లోపం వారిది, మీది కాదు. ఇప్పుడు మీ వివరాలు ఇవ్వకండి.”

పేరు విషయంలో: “మీరు వెళ్లదలచిన చోటు ఇదేనని రూఢి కాలేదు. వెనక్కి వెళ్లండి.”

‘ధ్రువపత్రం’, ‘సర్టిఫికెట్’ అనే మాటలకు బదులు ‘వెబ్‌సైటు గుర్తింపుపత్రం’ అనడం వల్ల అది వాడుకరికి చెందినది కాదని మొదటి చూపులోనే తెలుస్తుంది.

9. ముగింపు:

పై పరిశీలనను బట్టి తేలిన అంశాలు:

- నవీకరణ గురించి చెప్పే అధికారం బ్రౌజర్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు, యాప్ దుకాణానికి మాత్రమే ఉంది. వెబ్‌పేజీకి, వాట్సాప్ సందేశానికి లేదు.

- హెచ్చరిక నిజమా కాదా అనేది దాని వాక్యరూపంవల్ల తెలియదు. బ్రౌజర్ మెనూ ద్వారా వెళ్లి సరిచూసినప్పుడే తెలుస్తుంది.

- పాత కంప్యూటర్లు, తప్పు తేదీలు, కళాశాల ఫైర్‌వాల్‌లు కలిగించే హెచ్చరికలు పరిష్కరించదగినవి. వాటిని దాటిపోవడం పరిష్కారం కాదు.

- హెచ్చరికను దాటే అలవాటును కొన్ని ప్రభుత్వ సేవల సాంకేతిక అమరికే పెంచింది. ఆ అమరికను మార్చవలసిన బాధ్యత సేవలందించేవారిది.

- లిప్యంతరీకరణ హెచ్చరికకు అనువాదం కాదు. ఈ ప్రాంతపు వరద హెచ్చరికలలోని స్పష్టతను ప్రమాణంగా తీసుకొని తెలుగు హెచ్చరిక వాక్యాలను తిరిగి రాయవలసి ఉంది. తెలుగు శాఖలు, కంప్యూటర్ శాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇది.

- డిగ్రీ స్థాయి తెలుగు పాఠ్యాంశాలలోని అనువాద అభ్యాసాలలో ఇటువంటి హెచ్చరిక వాక్యాలను చేరిస్తే విద్యార్థికి పరిభాషా నిర్మాణంతోపాటు ఆత్మరక్షణ కూడా అలవడుతుంది. ఉపకారవేతన గడువు చివరి రోజున తెరమీద ఏమి రాసి ఉందో చదివి, అది తన లోపం కాదని గుర్తించగలిగిన విద్యార్థి దరఖాస్తును వదులుకోడు.